సోడా నీళ్ళలో బోల్టులు

రామలింగానికి విప్పడం వచ్చు, బిగించడం రాదు అని చేనేతపేటలో చిన్నా పెద్దా అందరూ అంటారు. ఇది పచ్చి అబద్ధం. ఆయనకు బిగించడమూ వచ్చు. కాకపోతే బిగించాక ఒకటో రెండో మిగులుతాయి. మిగిలినవి లేకుండానే ఆ వస్తువు నడిచిందనుకోండి, "చూశావా, కంపెనీవాడి దుబారా!" అంటాడు. నడవలేదనుకోండి, అది అటకెక్కుతుంది. అంతకుమించి ఆయన ఎవరికీ ఏ అపకారమూ చెయ్యలేదు.

ఆ అటక మీద ఏమేమున్నాయో చెప్పమంటారా? టేబుల్ ఫ్యాను, రెండు రేడియోలు, అత్తగారింటివాళ్ళు పెట్టిన గోడ గడియారం, ఇంకా అన్నిటికీ ముందు వరసలో, చీరముక్కలో మూటగట్టి, భార్య వెంకటరావమ్మ మిక్సీ. అది పైకెక్కి తొమ్మిదేళ్ళయింది. అప్పట్నించీ ఆవిడ రోట్లోనే పచ్చడి నూరుతోంది. "రోటి పచ్చడి రుచే వేరు" అని ఓసారి భోజనం దగ్గర రామలింగం మెచ్చుకోబోయాడు. ఆవిడ ఓ చూపు చూసింది. ఆ చూపు తర్వాత మళ్ళీ ఆయన ఏ పచ్చడినీ మెచ్చుకోలేదు.

అయినా ఆ మనిషి బాధ మీకు చెప్పాలి. గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చుని నలభై ఏళ్ళు. ఏ కాలు ఎప్పుడు తొక్కాలో కాలికే తెలుసు, పోగు మోసుకెళ్ళే నాడె ఎప్పుడు విసరాలో చేతికే తెలుసు. బుర్రను ఎవరూ ఏమీ అడగరు. అదే ఓ యంత్రం మూత తీశాడంటే, లోపల ఏది దేన్ని తిప్పుతోందో చూశాడంటే, ఆ పూట ఆయన పదేళ్ళవాడైపోతాడు. పెళ్ళికి ముందు బెజవాడలో కొనుక్కున్న ఇనప పెట్టె ఒకటుంది. అందులో పానాలు, పట్టకారు, సుత్తి. వాటిని తన బట్టలకంటే శుభ్రంగా తుడిచి పెట్టుకుంటాడు. నిజం చెప్పాలంటే ఆ పెట్టె అంటే ఆయనకు ప్రాణం.

ఇప్పుడా ప్రాణం మీదికే వచ్చింది.

చల్లపల్లి పక్కనున్న ఆ పేట చివర పడుగుల బీడు ఉంది. నేతకు ముందు పడుగు నూలును బీడులో బారుగా పరిచి, బిగలాగి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతారు. తెల్లారగానే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించాల్సిన పని. కింద నేల నున్నగా ఉండాలి. గడ్డిపరక తగిలినా పోగు తెగుతుంది. ఈ ఏడు వానలు తెగ కురిశాయి. వానలు వెనకబట్టేసరికి బీడులో గడ్డి మోకాలెత్తున లేచింది. కొడవళ్ళతో కోస్తే మొదళ్ళు సూదుల్లా నిలబడ్డాయి. అప్పుడు నేత సంఘంవాళ్ళు గన్నవరంలో మూతబడ్డ ఓ గెస్ట్‌హౌస్ నుంచి, వెనక నిలబడి తోసుకుంటూ నడిపే గడ్డి కోత మిషన్ తెచ్చారు. ఆకుపచ్చ రంగు, నాలుగు చక్రాలు, కింద బ్లేడు, పైన ఇంజను. పేటంతా దాన్ని చూడ్డానికి వచ్చింది.

దాన్ని మొదటిసారి నడిపింది రామలింగం కాదు. ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. నడిపినవాడు ఆయన బావమరిది, పామర్రులో మెకానిక్, దుర్గాశంకర్. చుట్టుపక్కల పొలాల్లో మందు కొట్టే స్ప్రేయర్లన్నీ అతని చేతిలోనే బాగవుతాయి. స్ప్రేయరుకు పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోస్తారు. దుర్గాశంకర్ దీనికీ అలాగే కలిపి పోశాడు. ఈ ఇంజనుకు ఆయిలు వేరే మూత తీసి విడిగా పోయాలి. ఆ మూత వైపు ఎవరూ చూడలేదు. మిషన్ నల్లటి పొగ కక్కుతూ పది గజాలు కోసి, కీచుమని అరిచి, బిగుసుకుపోయింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

"పాత సరుకు బావా, ముందే పోయుంది" అన్నాడు దుర్గాశంకర్, చేతులు తుడుచుకుంటూ.

రామలింగం ఇంజను మీదికి వంగి, పక్కనున్న చిన్న మూత తిప్పి, వేలు పెట్టి చూశాడు. పొడి వేలు బయటికొచ్చింది. ఆ వేలు బావమరిదికి చూపించాడేగానీ ఒక్క మాట అనలేదు. అక్కడే తప్పు జరిగింది. మాట అన్నా బావుండేది. ఆ వేలు చూసి అందరూ నవ్వారు, వెంకటరావమ్మకు పుట్టింటి పౌరుషం పొడుచుకొచ్చింది.

"అంత తెలిసినవారైతే మీరే బాగుచెయ్యండి" అంది.

"చేస్తా. పాత ఇంజను తీసేసి వేరేది బిగిస్తా" అన్నాడు రామలింగం. మాట నోరు దాటాక గానీ అదెంత పెద్ద మాటో ఆయనకు తెలియలేదు.

ఆవిడ కొంగు దోపుకుంది. "సరే. అందరూ వినండి. సోమవారం పొద్దున్నే నేను పడుగు పరుస్తాను. ఈలోగా ఈ మిషనే గడ్డి కొయ్యాలి. మీరే బిగించాలి. చివరికి ఒక్క నట్టు గానీ బోల్టు గానీ మిగలకూడదు. మిగిలిందా, మీ ఇనప పెట్టె మా తమ్ముడు బండెక్కించుకుని పోతాడు. మళ్ళీ మీ చేతిలో పానా కనపడకూడదు."

"మరి మిగలకపోతేనో వదినా?" అని పక్కింటి బుల్లెమ్మ నిప్పు రాజేసింది.

"మిగలకపోతే ఆయన జోలికి నేను వెళ్ళను. ఇంట్లో నన్ను తప్ప ఏది కావాలంటే అది విప్పుకోవచ్చు."

పేటంతా గొల్లుమంది. రామలింగమూ నవ్వాడు, గుండె మాత్రం మగ్గం గుంటలోకి జారిపోయింది.

ఈసారి ఆయన జాగ్రత్తపడ్డాడు. గురువారం పొద్దున వసారాలో గోనెపట్టా పరిచి పని మొదలుపెట్టాడు. ముందుగా ప్లగ్గు వైరు పీకి దూరంగా కట్టేశాడు. బ్లేడు ఒక్కసారి తిరిగిందంటే తర్వాత వేళ్ళు లెక్కపెట్టుకోవాలి. పెట్రోలు డబ్బాలోకి వంచాడు. మిషన్‌ను పక్కకు ఒరగబెట్టి, బ్లేడు కదలకుండా కొయ్యముక్క అడ్డం పెట్టి, మధ్య బోల్టు విప్పబోయాడు. అది రాలేదు. కిరసనాయిలు పోశాడు, బతిమాలాడు, తిట్టాడు. తిట్టాక వచ్చింది.

ఇక గుర్తుల సంగతి. తొమ్మిదేళ్ళ మిక్సీ పాఠం ఆయనకు బాగానే వంటబట్టింది. విప్పిన ప్రతి బోల్టుకూ ఓ నూలు పోగు కట్టాడు. ఇంజను పట్టి ఉంచేవాటికి ఎరుపు, చేతికర్రవాటికి ఆకుపచ్చ, యాక్సిలేటర్ వైరు బిగించేదానికి నీలం, రాళ్ళు కాళ్ళకు తగలకుండా వెనక ఉండే రేకువాటికి నలుపు. పోగులు ఇంట్లో తెగి పడున్న నూలుముక్కలే. అన్నీ ఓ ఇత్తడి పళ్ళెంలో పోసి చూసుకుంటే పండగ ముగ్గులా ఉంది. "ఇంతకంటే మేధావి ఉంటాడా!" అనుకున్నాడు. ఎవరూ అనడం లేదు గనక తానే అనుకున్నాడు.

కొలతలు కూడా నూలుతోనే తీశాడు. ఇంజను కింద బ్లేడు పట్టే కడ్డీ లావుకు ఓ పోగు చుట్టి ముడి, పొడుగుకు ఇంకో ముడి, బోల్టు రంధ్రాల మధ్య దూరానికి మూడు ముళ్ళు. ఆ పోగును తాయెత్తులా మెడకు కట్టుకుని శుక్రవారం తొలి బస్సుకి బెజవాడ ఆటోనగర్ వెళ్ళాడు.

ఆటోనగర్లో ఇంజన్లమ్మే చక్రి అనే కుర్రాడు ముందు ఓ పంపు ఇంజను చూపించాడు. "ఇది బంగారం బాబాయ్! మీ ఊళ్ళో కాలవ నీళ్ళు తోడేది ఇదే."

"దీని కడ్డీ పక్కకుంది నాయనా. నాకు కిందికి ఉండాలి."

"పక్కకుంటే ఏమైంది? తిరుగుద్దిగా!"

"తిరుగుద్ది. బ్లేడు చక్రంలా నిలువునా తిరుగుద్ది. గడ్డి పోయి నా కాళ్ళు కోస్తుంది."

చక్రి అప్పుడు ఆయన వంక కాస్త గౌరవంగా చూసి, లోపల్నుంచి పాత మిషన్‌ది, కడ్డీ కిందికున్న ఇంజను మోసుకొచ్చాడు. రామలింగం మెడలో పోగు తీసి చుట్టాడు. ముడి మీద ముడి కూర్చుంది. చక్రి నమ్మక తన కొలత పరికరంతో కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. "బాబాయ్, ఆ దారం నాకిచ్చెయ్!" అన్నాడు.

ఇంజనును ఒళ్ళో పెట్టుకుని, ఉయ్యూరు, పామర్రు మీదుగా బస్సులో వస్తున్నంతసేపూ రామలింగం రాజులా ఉన్నాడు. పక్క సీటు ముసలావిడ "ఏంటి బాబూ అది?" అంటే "ఇంజనండీ" అన్నాడు. "బస్సుదా?" అని ఆవిడ కంగారుపడింది.

ఇంటికొచ్చి వసారాలో చూస్తే పళ్ళెం లేదు.

"నా బోల్టులేవే?"

"ఆ మురికి చూళ్ళేకపోయాను. మసీ, నూనే, గడ్డీ. నా ఇత్తడి పళ్ళెం నల్లగా అయిపోయింది. సోడా నీళ్ళలో వేసి మరగబెట్టాను. తళతళలాడుతున్నాయి చూడండి" అంది వెంకటరావమ్మ, పళ్ళెం ముందు పెట్టి. ఆ గొంతులో కపటమేమీ లేదు. నూలు ఉడకబెట్టినట్టే బోల్టులూ ఉడకబెట్టింది. ఎదురుగా ఏది మురికిగా కనబడినా సోడా నీళ్ళలో వెయ్యడం ఆవిడకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

బోల్టులు తళతళలాడుతున్నాయి. వాటికున్న పోగులన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఎరుపు కారి, ఆకుపచ్చ కారి, నీలం కారి, నలుపు అన్నిటికీ అంటుకుని, అన్నీ కలిసి బురద రంగు. చౌకరకం అద్దకం నూలు. నేతగాడై ఉండి ఆ మాత్రం చూసుకోలేదు! ఎన్ని బోల్టులు విప్పాడో లెక్కా పెట్టుకోలేదు. రంగులుండగా లెక్కెందుకనుకున్నాడు.

రామలింగం పళ్ళెం ముందు కూలబడ్డాడు. బ్లేడు బోల్టు ఒక్కటే లావుగా ఉంది, దాన్ని గుడ్డివాడు కూడా పోలుస్తాడు. మిగతావన్నీ అన్నదమ్ముల్లా ఉన్నాయి. కానీ మర తేడా. ఒకదాని బదులు ఇంకోటి బలవంతంగా తిప్పితే ఇంజను రంధ్రంలో మర చెడుతుంది. కొత్త ఇంజను పాడైతే పేట మొహం ఎలా చూడటం? పెట్టె వంక చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మగాడు బోల్టుల కోసం ఏడ్చాడని ఎక్కడా చెప్పకండి.

అప్పుడే దుర్గాశంకర్ వచ్చాడు, సరిగ్గా గోరుచుట్టు మీద రోకటి పోటులా. పళ్ళెం చూశాడు, సంగతి విన్నాడు, పెట్టె ఎత్తి బరువు చూశాడు. "పోనీలే బావా, రేపు మిషన్‌ను నా షాపుకి తోలెయ్. నేను చూసుకుంటా" అన్నాడు.

"అది కింద పెట్టు" అంది వెంకటరావమ్మ.

"అదేంటక్కా? పందెం నీదేగా?"

"పందెం నాదే. రంగు పోగొట్టిందీ నేనే. నా చేత్తో చెడిపింది పెట్టుకుని నేను గెలిస్తే దాన్ని గెలుపంటారా?" అని చేతులు కడుక్కుని వచ్చి పళ్ళెం దగ్గర కూర్చుంది. "ఏవండీ, ఎరుపు దేన్నుంచి తెంపారు?"

"అదే, మొన్న నేసిన చీర అంచుది."

"వందో నంబరు, అన్నిట్లోకీ సన్నం. ఆకుపచ్చ?"

"నీ మగ్గం మీదిది."

"ఎనభయ్యోది. నీలం?"

"ఏమో, మూల పడుంది. లావుగా, మెలికగా ఉంది."

"రెండు పోగుల పురి. నలుపు లుంగీ నూలై ఉంటుంది, నలభయ్యో నంబరు." ఇంకేమీ అడగలేదు. కళ్ళు మూసుకుంది. బోల్టు తీసుకోవడం, దాని పోగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలపడం. "వంద. ఎరుపు. వంద. ఎనభై, ఆకుపచ్చ. నలభై. ఎనభై. ఇదిగో పురి..." కుప్పలు పెడుతోంది. పన్నెండో ఏట రాట్నం ముందు కూర్చున్న వేళ్ళవి. రంగు పోతే ఏం, నూలు సన్నం పోతుందా? రామలింగం నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ముప్ఫై రెండేళ్ళుగా కాపురం చేస్తున్నాడు, ఇంట్లోనే ఇంత పెద్ద యంత్రం ఉందని ఆయనకు ఇన్నాళ్ళూ తోచలేదు. ఆవిడ మీద ఉన్నట్టుండి ఎంత ప్రేమ పుట్టిందంటే, బావమరిది అక్కడ లేకపోతే ఏదో ఒకటి అనేవాడే.

"కళ్ళు తెరవనా?" అంది ఆవిడ.

"తెరువు తెరువు. తెరిచి ఆ ఎర్రవి ఇలా అందించు."

శనివారమంతా బిగింపు. ఇంజను కూర్చోబెట్టడం, ఎర్ర బోల్టులు ముందు చేత్తో తిప్పి ఆ తర్వాత పానాతో బిగించడం, బ్లేడు పదును ఏ వైపుండాలో మూడుసార్లు చూసుకోవడం, వైరు తగిలించడం. ఆఖర్న వెనక రేకు. దానికి మట్టి, ఎండుగడ్డి పట్టి ఉన్నా తుడవకుండా నల్లవి దొరికినవి దొరికినట్టు బిగించేశాడు. రేకు కదలకుండా నిలబడింది. ఆదివారం పొద్దున పేటంతా బీడులో చేరింది. రామలింగం ఆయిలు డబ్బా ఎత్తి, అందరికీ కనబడేలా, పక్కనున్న చిన్న మూత తీసి అందులో పోశాడు. ఆ సమయంలో దుర్గాశంకర్‌కు ఆకాశంలో ఏదో కొంగ కనబడింది.

తాడు లాగాడు. మిషన్ దగ్గింది. రెండోసారి లాగాడు. తుమ్మింది.

"అటక ఖాళీ ఉందా వదినా?" అంది బుల్లెమ్మ.

మూడోసారి ఇంజను అందుకుంది! ఓయబ్బో, ఏం చప్పుడు! రామలింగం చేతికర్ర పట్టుకుని నడిచాడు. గడ్డి వెనక్కి చిమ్ముతోంది, ముందు నేల నున్నగా తేలుతోంది. ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు, మగ్గంలో నాడెలా ఆయన తిరుగుతూనే ఉన్నాడు. ఎండెక్కేసరికి బీడంతా తివాచీలా పరుచుకుంది. పిల్లలు ఈలలేశారు. అంతా ఇంటికొచ్చి వసారాలో పళ్ళెం బోర్లించి చూశారు. ఒక్కటీ మిగల్లేదు. రామలింగం చొక్కా తడిసి ముద్దయింది, మొహం మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

అంతలో వసారా పక్కన బుల్లెమ్మ, సాయం చేద్దామనుకుందో మరేమిటో, మొన్న బోల్టులు మరగబెట్టిన సోడా నీళ్ళ బేసిను ఎత్తి పారబోసింది. బండ మీద టంగుమని మోగింది. బురద రంగు నీళ్ళలోంచి ఓ బోల్టు దొర్లుకుంటూ వచ్చి రామలింగం కాళ్ళ దగ్గర ఆగింది. దానికి పోగు లేదు. మరిగే నీళ్ళలో ముడి ఊడిపోయినట్టుంది.

"మిగిలిందిరోయ్!" అని కేక పెట్టింది బుల్లెమ్మ.

రామలింగం వంగి దాన్ని తీసుకున్నాడు. దాచేద్దామా అని ఓ క్షణం అనిపించిన మాట నిజం. ఇందరి కళ్ళముందు ఎక్కడ దాస్తాడు? దాచినా తన కళ్ళ ముందు దాచగలడా? నెమ్మదిగా వెళ్ళి, ఇనప పెట్టె తెచ్చి, బావమరిది ముందు పెట్టాడు. "మాటంటే మాటే. పానాలకు అప్పుడప్పుడు నూనె రాస్తుండు. లేకపోతే తుప్పు పడతాయి" అన్నాడు.

వెంకటరావమ్మ విసురుగా వచ్చి ఆయన చేతిలో బోల్టు లాక్కుని చూసింది. "ఇదా! ఇది మిషన్‌ది కాదు. నా మిక్సీది. తొమ్మిదేళ్ళుగా నా పోపుల పెట్టెలో పడుంది. పనిలో పని, దీన్నీ మొన్న సోడా నీళ్ళలో పడేశాను. పోగు లేదు, కనబట్టంలా?"

దుర్గాశంకర్ ఆ బోల్టు అందుకుని అటూ ఇటూ తిప్పాడు. అక్క మొహం చూశాడు. మళ్ళీ బోల్టు చూశాడు. పాతికేళ్ళ మెకానిక్, ఏదో అనబోయి, "అవునవును, మిక్సీదే" అని పెట్టెను కాలితో బావ వైపు నెట్టేశాడు. అతనలా ఎందుకు నీళ్ళు నమిలాడో రామలింగానికి అప్పుడు తట్టలేదు. బోల్టు తీసుకుని జేబులో వేసుకున్నాడు, పెట్టెను బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

సాయంత్రం జనమంతా వెళ్ళాక, మిషన్ తుడిచి గోనె కప్పుదామని కూర్చున్నాడు. వెనక రేకు మీద ఎండుగడ్డి రాల్చాడు. మూల నుంచి ఎండిపోయిన మట్టి పెళ్ళ ఊడిపడింది. కింద ఖాళీ రంధ్రం. నాలుగు బోల్టులుండాల్సిన రేకుకు మూడే ఉన్నాయి.

జేబులోంచి మిక్సీ బోల్టు తీసి రంధ్రంలో పెట్టి వేలితో తిప్పాడు. అత్తారింటికొచ్చిన అల్లుడిలా దర్జాగా వెళ్ళి కూర్చుంది.

తలెత్తి చూశాడు. గుమ్మంలో వెంకటరావమ్మ రేపటి గంజికి కుంచెలు దులుపుకుంటోంది.

"ఏమే, ఇది మిక్సీది అన్నావు?"

"అన్నాను."

"దీనికి సరిపోయిందే మరి?"

"సరిపోతే బిగించెయ్యండి. ఊరికే అలా చూస్తారేం?"

ఆయన బిగించాడు. గట్టిగా, పానా ఇంక తిరగనంటున్నదాకా బిగించాడు. ఏదైనా అందామని ఇంట్లోకి వచ్చాడు. వసారాలో గోనెపట్టా మళ్ళీ పరిచి ఉంది. దాని మీద చీరముక్క మూట విప్పి, దుమ్ము తుడిచి, మిక్సీ. పక్కన ఇత్తడి పళ్ళెం. పళ్ళెంలో నాలుగు రంగుల నూలు.

"ఈసారి పక్కా రంగులిచ్చాను, మరిగించినా పోవు" అంది వెంకటరావమ్మ లోపల్నుంచి. "ఎన్ని విప్పారో లెక్క కూడా పెట్టుకోండి. మళ్ళీ అబద్ధం ఆడటం నా వల్ల కాదు."